పడమటి ఎండలో టీవీ నల్లబడితే...

ప్రశ్న: మాది చీరల షాపు, ముఖద్వారం పడమర. దసరాకి షోకేసు అద్దం వెనక 55 అంగుళాల టీవీ రోడ్డు వైపు తిప్పి పెట్టాం. మార్చి వచ్చినప్పటి నుంచి మధ్యాహ్నం మూడు దాటితే తెర మధ్యలో నల్లటి మచ్చ వస్తోంది. చీకటి పడేసరికి దానంతట అదే పోతోంది. సర్వీసు అబ్బాయి వచ్చినప్పుడు మాత్రం టీవీ నిక్షేపంలా ఉంటుంది. చవకది కొన్నామని మా మరిది దెప్పుతున్నాడు. నిజమేనా?
– ఒక యజమానురాలు, రాజమండ్రి

జవాబు: మీ మరిదిగారి మాట పక్కన పెట్టండమ్మా. దానికి రెట్టింపు ధర పెట్టి ఇంటి టీవీయే కొన్నా, అక్కడ పెడితే ఇదే జరిగేది. ఎల్‌సీడీ తెరలో ద్రవ స్ఫటికాలుంటాయి. అవి వరసగా నిలబడితేనే వెలుతురుని ఎక్కడ వదలాలో ఎక్కడ ఆపాలో తెరకి తెలుస్తుంది. వేడి ఒక హద్దు దాటితే ఆ వరస చెదిరిపోయి మామూలు ద్రవంలా మారతాయి. అప్పుడు ఆ భాగం నల్లబడుతుంది. చల్లారితే మళ్ళీ వరసలోకి వస్తాయి. సర్వీసు అబ్బాయిని సాయంత్రం కాకుండా ఎండ అద్దం మీద పడే వేళకి రమ్మనండి, కళ్ళారా చూస్తాడు. అలాగని వదిలేయకండి. రోజూ అంత వేడి తగిలితే వెనకున్న లైట్లు, లోపలి బోర్డు తొందరగా పోతాయి.

మచ్చ లేకపోయినా ఆ టీవీ అక్కడ దండగే. వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు. ఇంటి టీవీలు చాలావరకు 250 నుంచి 350 నిట్స్ ఇస్తాయి. షాపు లోపల పెట్టడానికని అమ్మే స్క్రీన్లు 500, 700 ఉంటాయి. ఎండ పడే అద్దం వెనక కనబడాలంటే 2,500 దాకా కావాలి. వాటిలో 110 డిగ్రీల వరకు నల్లబడని ప్యానెళ్ళు వాడతారు. ధర వింటే మీరు ఇంకో బ్రాంచి తెరుద్దాం అంటారు, కరెంటు బిల్లూ పెరుగుతుంది. మీ షాపుకి నేనైతే అది చెప్పను.

ఆ టీవీనే విప్పించి, గుమ్మంలోంచి అడుగు పెట్టగానే ఎదురుగా కనబడే గోడకి, ఎండ చేరనంత లోపల బిగించండి. షోకేసులో మునుపటిలా బొమ్మకి చీర కట్టి పెట్టండి. ఎండకి రంగు వెలవకుండా తరచూ మార్చాలి, అది మీకు నేను చెప్పక్కర్లేదు. ఈలోగా వారంటీ కార్డు తీసి చదవండి. షాపుల్లో వాడితే వర్తించదని చాలా ఇంటి టీవీల కార్డుల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మీరు అడగలేదు గానీ, చీరల షాపు కాబట్టి చెబుతున్నాను. కొత్త టీవీల్లో చాలావాటికి 'వివిడ్' మోడ్ పెట్టి ఉంటుంది. అందులో ఉల్లిపొర రంగు రాణీ రంగులా కనిపిస్తుంది. కస్టమర్ తెర మీద చూసిన చీర అడుగుతుంది, మీరు తీసి చూపిస్తే "ఇది కాదండీ" అంటుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి 'సినిమా' మోడ్‌కి మార్చి, పక్కన అసలు చీర పట్టుకుని సరిచూసుకోండి. ఒక్కో చీర ఏడెనిమిది సెకన్లు చాలు: పేరు, ధర, ఏ అరలో ఉందో. ఉప్పాడ జాందానీ అని రాసి ధర దాస్తే చూసినవాళ్ళు లోపలికి రావడానికి జంకుతారు. పెన్‌డ్రైవ్‌లో ఏముందో మార్చే బాధ్యత ఒక అమ్మాయికి పేరు పెట్టి అప్పజెప్పండి. శ్రావణ శుక్రవారం నాడు కూడా ఆషాఢం సేల్ తిరుగుతున్న తెరలు నేను చాలా చూశాను. సినిమా పాటలు మాత్రం వద్దు. షాపులో పాట వేస్తే ఇంట్లో విన్నట్టు కాదు, దానికి లైసెన్సు తీసుకోవాలి. మ్యూట్‌లో పెట్టేయండి.

ప్రశ్న: మా సూపర్ మార్కెట్‌కి టచ్ కియోస్క్ (వేలితో తాకి ఏ సరుకు ఎక్కడుందో చూసుకునే నిలువు తెర) అమ్ముతామని వచ్చారు. పైన కెమెరా ఉంటుందట, ఎదుట నిలబడింది ఆడా మగా, వయసెంత అని లెక్క కడుతుందట. తీసుకోమంటారా?
– ఒక వ్యాపారి, నిజామాబాద్

జవాబు: మీ షాపులో పప్పు ఎక్కడుందో చెప్పడానికి ఒక కుర్రాడు ఉన్నాడా? ఉంటే కియోస్క్ అక్కర్లేదు.

అమెరికాలో వాల్‌గ్రీన్స్ అనే మందుల షాపుల్లో ఫ్రిజ్ అద్దం తలుపులు తీసేసి, వాటి స్థానంలో తెరలు పెట్టారు. లోపలున్న సీసాలే తెర మీద బొమ్మలుగా కనిపించేవి, మధ్యలో ప్రకటనలు. అద్దంలోంచి ఎలాగూ కనిపించేదానికి తెర ఎందుకని కొనేవాళ్ళు విసుక్కున్నారు. చివరికి తెరలు పెట్టిన కంపెనీ 2023లో వాల్‌గ్రీన్స్ మీదే కోర్టుకెక్కింది. డబ్బున్నవాళ్ళ సరదాలు అలా ఉంటాయి.

తీసుకునే తీరతానంటే టచ్ ఏ రకమో అడగండి. ఫ్రేము చుట్టూ కంటికి కనిపించని కిరణాలు పారించే ఇన్‌ఫ్రారెడ్ రకం చవక. కానీ అంచుల్లో దుమ్ము చేరినా, వర్షాకాలంలో పురుగు వాలినా వేలు తగిలిందనుకుని పేజీలు తిప్పేస్తుంది. ఫోన్‌లో ఉండే కెపాసిటివ్ రకం మేలు. కెమెరా మాత్రం వద్దనే చెబుతాను. మొహాలు చూసే యంత్రం పెట్టాక 2023 నాటి డేటా రక్షణ చట్టం మీకూ వర్తించే అవకాశం ఉంది. ఆ బొమ్మలు ఎవరి సర్వర్‌లోకి వెళ్తున్నాయో అమ్మేవాణ్ణి కాగితం మీద రాసిమ్మనండి. రాయడానికి తటపటాయిస్తే అక్కడితో బేరం ఆపండి.

ప్రశ్న: షాపు మీద ఎల్‌ఈడీ స్క్రోలింగ్ బోర్డు పెట్టించాం. 'లక్ష్మీ' అన్న పేరులో వత్తులు చుక్కల ముద్దలా కనిపిస్తున్నాయి. బోర్డు పాడైందా?
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: పాడవలేదు, చాల్లేదు. మీరు పెట్టింది పీ10 అయి ఉంటుంది, అంటే చుక్కకీ చుక్కకీ 10 మిల్లీమీటర్లు. ఒక్క మాడ్యూల్ (బోర్డుని కూర్చే పలక) ఎత్తు 16 చుక్కలే. ఇంగ్లీషు అక్షరానికి అది సరిపోతుంది. మనకి పైన గుడిదీర్ఘం, కింద ష వత్తూ మ వత్తూ పట్టాలంటే ఎక్కడ పడతాయి? మాడ్యూళ్ళు ఒకదాని మీద ఒకటి రెండు వరసలు పెట్టించండి, 32 చుక్కలొస్తాయి. సన్నటి ఫాంటు కాకుండా మందపాటిది ఎంచి, పరుగు వేగం తగ్గించమనండి. డబ్బు కట్టే ముందు మీ షాపు పేరే వేయించి రోడ్డు అవతల నిలబడి చదవండి.