దొరసానిలో ఉన్న సాని

సందేహం: పాశ్చాత్య స్త్రీవాదంలోని జాత్యహంకారం మీద వ్యాసం రాస్తూ ‘దొరసాని స్త్రీవాదం’ అన్నాను. ‘సాని’ తిట్టు కదా, ఆడవాళ్ళ గురించి రాస్తూ ఆ మాటేమిటని మా స్నేహితురాలు కోప్పడింది. ‘దొరసానుల స్త్రీవాదం’ అంటే నయమా?

సమాధానం: మీ స్నేహితురాలి చెవికి అది తిట్టులా వినిపించడంలో వింత లేదు. కానీ పుట్టుకతో అది తిట్టు కాదు. సంస్కృతంలోని ‘స్వామిని’ ప్రాకృతం మీదుగా మనకు ‘సాని’ అయింది. యజమానురాలు అని అర్థం. తొలి కాకతీయుల్లో బేతరాజుకు అండగా నిలిచిన విరియాల కామసాని పేరు గూడూరు శాసనంలో ఉంది. ఆ పేరులోని సాని గౌరవవాచకమే. గుడిలో ఆడిపాడే గుడిసానులు తమ సొంత సొమ్ముతో దేవుడికి దానాలిచ్చినట్టు చెప్పే శాసనాలూ ఉన్నాయి. మంత్రసానిని ఈనాటికీ ఎవరూ తిట్టనుకోరు.

ఆ మర్యాద పోవడంలో మనవాళ్ళ చులకనకూ వాటా ఉంది. దానికి సర్కారు ముద్ర వేసింది మాత్రం ఇంగ్లీషు దొరలు. తమ సిపాయిలకు సుఖరోగాలు అంటకూడదని 1868లో చట్టం చేసి, వేశ్యలంటూ ఆడవాళ్ళ పేర్లు పట్టీలో ఎక్కించి, బలవంతపు వైద్యపరీక్షలు పెట్టారు. మగవాళ్ళకు పరీక్షల్లేవు! తంజావూరు ఆస్థానంలోని సాని ముద్దుపళని రాసిన శృంగారకావ్యం ‘రాధికాసాంత్వనము’ను, తానూ దేవదాసీ ఇంట పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయిస్తే, అశ్లీలమని మరుసటేడే నిషేధించారు. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగకవులకు అక్కర్లేదా అని నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని తప్పుపట్టిన వీరేశలింగంగారినే నిలదీసింది. ఆ నిషేధం ఎత్తేయడానికి చివరికి ప్రకాశం పంతులుగారు పూనుకోవాల్సి వచ్చింది.

అదే కాలంలో ఓడ దిగిన ప్రతి తెల్లావిడా మనకు దొరసానే, మొగుడిది ఎంత చిన్న ఉద్యోగమైనా సరే. ఒకే సాని తెల్లావిడకు బిరుదైంది, మన గుడిలో ఆడిపాడినావిడకు తిట్టయింది. మీ వ్యాసం చెప్పదలచుకున్నది ఈ తేడానే కాబట్టి ఆ మాట అక్కడ అతికింది. ‘శ్వేత స్త్రీవాదం’ అని రాసి ఉంటే నాకు శ్వేతపత్రం గుర్తొచ్చేది.

‘దొరసానుల’ మాత్రం వద్దు. అలాంటే తెల్లవాళ్ళందరి స్త్రీవాదమూ ఒకటే అని అర్థమొస్తుంది. బ్రిటన్‌లోనూ ఇలాంటి చట్టాలే ఉండేవి. అక్కడి సంఘసంస్కర్త జోసెఫీన్ బట్లర్ ఏళ్ళ తరబడి పోరాడితే అవి 1886లో రద్దయ్యాయి. ఆ తర్వాత ఆమె మన దేశంలోని చట్టం మీదా గొంతెత్తింది. అది మంచిపనే, కాదనలేం. అయితే ఆ ఉద్యమం రాతల్లో మన ఆడవాళ్ళు ఎవరో వచ్చి కాపాడాల్సిన నోరులేని చెల్లెళ్ళు. సామ్రాజ్యం ఉండడం తప్పని కాదు, దానికి నీతి చాలలేదనే వాళ్ళ బాధ. ఏకవచనంలో ‘దొరసాని స్త్రీవాదం’ అంటే మనుషులను కాకుండా ఈ ధోరణిని పట్టుకుంటుంది.

ఒక చిక్కు ఉంది. తెలంగాణ పాఠకులకు దొరసాని అనగానే తెల్లావిడ కంటే ముందు గడీలో ఉండే భూస్వామి భార్య కళ్ళముందుకొస్తుంది. మొదటిసారి వాడినచోట ‘ఇంగ్లీషు దొరసాని’ అని రాయండి.