జిల్లా ఎపిడెమియాలజిస్టుగా చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళం జిల్లాలో జబ్బుల మీద నిఘా పెట్టే సర్వేలెన్స్ యూనిట్‌లో నీకు పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఉద్యోగంలో ఏం చేయాలి, అక్కణ్నుంచి పైకి ఎలా వెళ్లాలి అని అడిగావట. నా మాట ఒక్కటే: ముందు ఊళ్లలో లైన్‌లిస్టు, అంటే రోగికో వరస చొప్పున వివరాల పట్టిక, సరిగ్గా రాయడం నేర్చుకో. ఈ వృత్తిలో పైమెట్లన్నీ దాని మీదే ఉన్నాయి.

రోజువారీ పని, జబ్బుల లెక్కలు నమోదు చేసే ఐహెచ్‌ఐపీ పోర్టల్‌తో మొదలవుతుంది. ఏఎన్ఎంలు లక్షణాలను బట్టి ఎస్ ఫారం, డాక్టర్లు అనుమానిత జబ్బును బట్టి పీ ఫారం, ల్యాబుల వాళ్లు నిర్ధారణతో ఎల్ ఫారం నింపుతారు. ఎక్కువ కేసులు చూపించిన పీహెచ్‌సీ గురించి అందరూ కంగారుపడతారు. నువ్వు మాత్రం వరసగా సున్నాలు పెట్టే చోటుని, వారం వారం ఇంచుమించు ఒకే అంకె పంపే చోటుని ముందు చూడు. శ్రావణ భాద్రపదాల్లో ఒక్క జ్వరం కూడా లేని పీహెచ్‌సీ ఉండదు. ఫోన్ చేసి నిలదీయకు. వెళ్లి ఓపీ రిజిస్టరు పక్కన కూర్చుని పది రోజుల పేజీలు లెక్కపెట్టు. తప్పు ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది. చాలాసార్లు సిగ్నల్ లేకపోవడమో, కొత్త ఏఎన్ఎంకి లాగిన్ రాకపోవడమో కారణం. పోర్టల్ కంటే ముందే కబురు తెలిసే మనుషులు ఊళ్లలో ఉంటారు: ఆశా, ఆర్ఎంపీ, మందుల షాపతను. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉన్నట్టుండి అయిపోయాయంటే ఆ వీధిలో ఏదో మొదలైనట్టే. వాళ్ల నంబర్లు నీ ఫోన్లో ఉండాలి, నీ నంబరు వాళ్ల దగ్గర ఉండాలి.

ఇక అతిసారం కబురు వచ్చినప్పటి సంగతి. ఈ జిల్లాల్లో నీ పనితనం తేలేది అక్కడే, అందుకని కొంచెం విపులంగా రాస్తున్నాను.

నువ్వు చేరేసరికి పంచాయతీ వాళ్లు ట్యాంకులో బ్లీచింగ్ కుమ్మరించేసి ఉంటారు. వాళ్ల భయం వాళ్లది. కానీ ఆ తర్వాత తీసిన నీటి నమూనాలో క్రిమి దొరకదు, 'నీళ్లు బాగానే ఉన్నాయి' అని రిపోర్టు వస్తుంది. కాబట్టి బయలుదేరే ముందే ఫోన్ చేసి, క్లోరిన్ వేసేలోపు శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి ఐస్‌లో పెట్టించు. నీ దగ్గరుండే స్టెరైల్ సీసాలో క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్ ఉండాలి, లేకపోతే నీటిలోని క్లోరిన్ దారిలో కూడా క్రిముల్ని చంపుతూనే ఉంటుంది. నమూనా ఆరు గంటల్లో ల్యాబుకి చేరితే మంచిది, ఇరవై నాలుగు దాటితే పనికిరాదు. విరేచన నమూనా కూడా యాంటీబయాటిక్ పడకముందే తీసి ల్యాబుదాకా క్రిములు చావకుండా ఉంచే క్యారీ-బ్లెయిర్ మీడియంలో పెట్టాలి. సెలైన్ ఎక్కించగానే యాంటీబయాటిక్ కూడా వేసేస్తారు కనుక, శిబిరంలోని నర్సమ్మకు ఈ ముక్క ముందే చెప్పి స్వాబ్‌లు చేతికివ్వు.

కేసు అంటే ఏమిటో వెళ్లగానే కాగితం మీద పెట్టు: ఫలానా ఊరివాళ్లు, ఫలానా తేదీ తర్వాత, ఇరవై నాలుగు గంటల్లో మూడు అంతకన్నా ఎక్కువ నీళ్ల విరేచనాలైనవాళ్లు. ఇది లేకపోతే సాయంత్రానికి కడుపునొప్పివాళ్లూ, భయంతో వచ్చినవాళ్లూ లిస్టులో చేరిపోతారు. లైన్‌లిస్టులో పేరు, వయసు, వీధి, లక్షణాలు మొదలైన తేదీ, వేళ, తాగిన నీళ్లు, ఫలితం ఉండాలి. ఆస్పత్రిలో చేరిన తేదీ వేరు, జబ్బు మొదలైన తేదీ వేరు. ఎప్పుడు ఎన్ని కేసులో చూపే గ్రాఫ్ గీయాల్సింది రెండోదానితో. ఎక్సెల్‌లో ఆగస్టు 5 అనుకుని 05/08 అని కొడితే కంప్యూటర్ సెట్టింగుని బట్టి మే 8 అయిపోవచ్చు, అందుకని నెలను అక్షరాల్లో రాయి. కలరా అనుమానమైతే గ్రాఫ్‌లో రోజుకో గడి సరిపోదు, ఆరు గంటలకో పన్నెండు గంటలకో ఒక గడి పెట్టు. గ్రాఫ్ ఒక్కసారిగా లేచి దిగిపోతే కారణం ఒక్కపూట జరిగినది. దిగకుండా సాగుతూనే ఉంటే కలుషితం ఇంకా ఆగలేదని అర్థం.

రోగుల్ని మాత్రమే అడిగి వచ్చేయకు. అందరూ ఎక్కువగా చేసే తప్పు ఇదే. రోగుల్లో పదిమందిలో తొమ్మిదిమంది కుళాయి నీళ్లే తాగారంటే నేరం కుళాయిది అనిపిస్తుంది. కానీ జబ్బు లేనివాళ్లలోనూ తొమ్మిదిమంది అవే తాగి ఉంటే ఏం తేలినట్టు? ఇంటింటికీ వెళ్లి బాగున్నవాళ్లనీ రాయాలి. మాటవరసకి, కుళాయి నీళ్లు తాగే 400 మందిలో 48 మందికి, బోరు నీళ్లు తాగే 250 మందిలో 5 మందికి వచ్చిందనుకో. మొదటిది 12 శాతం, రెండోది 2 శాతం. ఆరు రెట్లు. ఈ ఒక్క లెక్క గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) ఇంజనీరు ముందు పెడితే వాదన ఉండదు. తాళం వేసిన ఇళ్లకి సాయంత్రం మళ్లీ వెళ్లు, పగలు కూలికి వెళ్లినవాళ్లే అసలు లెక్కలోంచి జారిపోతారు.

ఆ తర్వాత పైపు వెంట నడువు. నీళ్లు సన్నగా వస్తాయని జనం గొయ్యి తవ్వి కుళాయిని కిందికి దించుకుంటారు. వానకి మురుగు ఆ గోతిలో నిలుస్తుంది, సరఫరా ఆగగానే ఖాళీ అయిన పైపు ఆ మురుగుని లోపలికి లాక్కుంటుంది. కాలవ లోంచి పోయే పైపు జాయింట్లూ అంతే. ట్యాంకు దగ్గర క్లోరిన్ బాగానే ఉన్నా చివరి వీధి కుళాయిలో ఉండకపోవచ్చు, అందుకని పరీక్ష చివరి ఇంట్లో చెయ్యి. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, జబ్బు రేగినప్పుడు 0.5 ఉండేలా చూడమను. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్లకి సుమారు రెండున్నర గ్రాములు చాలు, వేశాక గంటసేపు ఆగి వదలాలి. మూతలేని బస్తాలో నెలల తరబడి ఉన్నదానికి బలం ఉండదు, ఎంత వేసినా దండగే.

మరణాల దగ్గర చాలా జాగ్రత్త. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలినప్పుడు మృతుల సంఖ్య ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. ఒక్కో మరణానికీ విడిగా ఒక కాగితం రాయి: లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, ఎక్కడ చూపించారు, అంతకుముందు ఏ జబ్బులున్నాయి, ఎప్పుడు పోయారు. ఇంటివాళ్లతో నెమ్మదిగా మాట్లాడి రాయాలి. అంకె తగ్గించమని ఎవరన్నా అడిగితే ఆ కాగితాల్నే చూపించు, నువ్వు వాదించనక్కర్లేదు. పత్రికలవాళ్లతో మాట్లాడే బాధ్యత జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్ఓ గారిది.

ఉద్దానం నీ జిల్లాలోనే ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు, కాబట్టి నీళ్లనో ఎండనో నువ్వు తేల్చెయ్యకు. కిడ్నీల పనితీరు చెప్పే ఒక్క క్రియాటినిన్ రక్తపరీక్షతో ఎవరినీ రోగుల లెక్కలో వేయకూడదు. జీడితోటలో ఎండకి పనిచేసి వచ్చిన మనిషికి ఒంట్లో నీరు తగ్గి ఆ పూట అంకె పెరుగుతుంది. మూడు నెలలు పైన ఈజీఎఫ్ఆర్ (ఆ పరీక్షనుంచి కట్టే కిడ్నీల వడపోత అంకె) 60 కంటే తక్కువగానే ఉంటే అప్పుడు రాయి. డయాలసిస్ రిజిస్టరు చూసి ఊళ్లో ఎంత జబ్బుందో చెప్పడం కూడా తప్పు. అక్కడిదాకా రాలేనివాళ్లు అందులో ఉండరు.

పాత సంవత్సరాలతో పోల్చేటప్పుడు ఇంకో సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. మలేరియా ఎక్కువగా ఉండే ఏజెన్సీ పక్కకి పోతే జిల్లా అంకె దానంతటదే పడిపోతుంది. అది ఎవరి ఘనతా కాదు. మండలాల వారీగా కూడి పోల్చు.

ఇక నీ ఎదుగుదల. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి ఏటా రెన్యువల్ కోసం చూడాలి, జీతం ఒక్కోసారి ఆలస్యం కావచ్చు. జాయినింగ్ ఆర్డరు, ప్రతి రెన్యువల్ కాగితం, అధికారి బదిలీ అయ్యేలోపు అనుభవ ధ్రువపత్రం తీసి దాచుకో. పై పోస్టులన్నీ చదువు తర్వాత ఎన్నేళ్ల అనుభవమో అడుగుతాయి.

నువ్వు బీడీఎస్ తర్వాత ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేశావు. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) వాళ్లు 2012లో మొదలుపెట్టిన ఈఐఎస్ అనే వ్యాధి దర్యాప్తు శిక్షణ ప్రధానంగా ఎంబీబీఎస్ వాళ్లకి, డబ్ల్యూహెచ్‌ఓ సర్వేలెన్స్ మెడికల్ ఆఫీసరు పోస్టూ వాళ్లదే. వాటి మీద ఆశ పెట్టుకుని ఏళ్లు పోగొట్టుకోకు. ఉద్యోగం చేస్తూనే చేసే మూడు నెలల ఫ్రంట్‌లైన్ ఎఫ్‌ఈటీపీ (క్షేత్ర ఎపిడెమియాలజీ) శిక్షణకి ముందు పేరు పంపించు. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ (ఎన్‌ఐఈ) 2001 నుంచి క్షేత్ర ఎపిడెమియాలజీ నేర్పిస్తోంది, వాళ్ల ప్రకటనలు క్రమం తప్పకుండా చూడు. మూడు నాలుగేళ్లకి రాష్ట్ర సర్వేలెన్స్ యూనిట్ కన్సల్టెంట్, పరిశోధన ప్రాజెక్టులు, పీహెచ్‌డీ నీకు తెరిచి ఉండే దారులు. ఈలోగా కేసుల లెక్కలకి ఎపి ఇన్ఫో, మ్యాపులకి క్యూజీఐఎస్ నేర్చుకో, రెండూ ఉచితం. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ తర్వాత చూసుకోవచ్చు. ప్రతి దర్యాప్తుకీ రెండు వారాల్లో నాలుగు పేజీల రిపోర్టు రాసి పెట్టు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ఆ రిపోర్టు మీదే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు. పేషెంట్ల పేర్లు మాత్రం తీసేసి చూపించు.

ఇచ్ఛాపురం వైపు ఒడియా, కొండ ఊళ్లలో సవర కొన్ని మాటలైనా పట్టుకో. 'ఎప్పుడు మొదలైంది, ఎక్కడి నీళ్లు' అని వాళ్ల భాషలో అడగగలిగితే చాలు.

మొదటి రిపోర్టు పైకి పంపే ముందు నాకు పంపించు. పట్టికలు నేను చూస్తాను.

మీ మావయ్య