మీటరు తెర ఆరిపోయింది: పెన్‌డ్రైవ్ పెట్టించాలా, కేసు వేయాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. 2019లో శ్రీకాకుళంలో ఒక డీలరు దగ్గర 8.5 లక్షలకు కారు కొని, నేనే ట్యాక్సీగా నడుపుకుంటున్నాను. రెండు నెలల కిందట స్పీడు, కిలోమీటర్లు చూపించే డిజిటల్ తెర ఆరిపోయింది. ఆ మోడల్‌కు సాఫ్ట్‌వేర్ ఆపేశారట, యూనిట్ మొత్తం మార్చాలట, 62 వేలట. బరంపురంలో ఒక మెకానిక్ పెన్‌డ్రైవ్‌తో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తానంటున్నాడు. అది నేరమా? కేసు శ్రీకాకుళంలోనే వేయాలా?

జవాబు: పెన్‌డ్రైవ్ ఇప్పుడే పెట్టించకండి. నేరమని కాదు, మీ సాక్ష్యం పోతుందని.

ఇలాంటి తెరల వెనక బోర్డు మీద ఫ్లాష్ మెమరీ చిప్ ఉంటుంది. రాసిన కొద్దీ అది అరుగుతుంది. సాఫ్ట్‌వేర్ అదేపనిగా లాగ్‌లు (తన పనుల చిట్టా) రాస్తూ పోతే, ఇంజను గట్టిగానే ఉన్నా తెర ముందే పోతుంది. అమెరికాలో 2021లో టెస్లా సుమారు 1.35 లక్షల కార్లను రీకాల్ చేసింది, అంటే బాగు చేయడానికి వెనక్కి పిలిచింది, ఈ అరుగుదల వల్లే. మీ కారులోనూ అదే జరిగితే, మొదటినుంచీ ఉన్న లోపమని వాదించవచ్చు. కేవలం పాత మోడల్‌కు అప్‌డేట్ ఆపారంటే మాత్రం మన వాదన పలచన. ఇన్నేళ్లు ఇచ్చి తీరాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఎక్కడా లేదు.

కాబట్టి తెర ఎందుకు పోయిందో డీలరు సర్వీసు సెంటరు ఇచ్చే జాబ్‌కార్డు మీద రాయించుకోండి, వీలైతే ఇంగ్లిష్‌లో. రాయకపోతే స్పీడ్ పోస్టులో అడగండి. ఆ చట్టం సెక్షన్ 38 కింద, కేసు వినే వినియోగదారుల కమిషన్ మీ తెర యూనిట్‌ను ల్యాబుకు పంపగలదు. మధ్యలో మెకానిక్ చెయ్యి పడిందంటే కంపెనీ లాయరు మొదట పట్టుకునేది దాన్నే. వాళ్ల తరఫున నేనున్నా అదే చేస్తాను.

కేసుకు శ్రీకాకుళం పోనక్కర్లేదు. సెక్షన్ 34 ప్రకారం మీరు ఉండే చోటే, అంటే గజపతి జిల్లా కమిషన్‌లో వేయవచ్చు. ఫీజు 200 రూపాయలు. గడువు 2 ఏళ్లు. తెర పోయిన రోజు నుంచి అని మనం అంటాం, కొన్న రోజు నుంచి అని వాళ్లంటారు. ట్యాక్సీ కదా, మీరు వినియోగదారే కారనీ అంటారు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునేవారు వినియోగదారులేనని చట్టంలోనే ఉంది, టెన్షన్ వద్దు.

ఇక నేరం సంగతి. మీ యూనిట్‌లోని ప్రోగ్రామ్‌ను పాడవకుండా బ్యాకప్ తీసుకుంటే కాపీరైట్ చట్టం సెక్షన్ 52 తప్పు పట్టదు. ఎవరిదో కారులోంచి లాగిన కాపీని డబ్బుకు ఎక్కించడం వేరు. ఆ చిక్కు ముందు మెకానిక్‌ది, కానీ బిల్లు మీద ఉండేది మీ పేరు.

తీర్పు దాకా బండి ఆపలేరు. స్పీడోమీటరు పనిచేయకపోతే ఫిట్‌నెస్‌కు ఇబ్బంది. తప్పనిసరైతే కొత్త యూనిట్ వేయించుకోండి. కానీ ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం చేయండి, ఆ 62 వేలు కేసులో అడుగుదాం. పాత కిలోమీటర్ల లెక్క బిల్లు మీద ఎక్కించండి, లేకపోతే రేపు బండి అమ్మేటప్పుడు మీటరు తిప్పారంటారు. పాత యూనిట్ డీలరు దగ్గర వదలకుండా సీలు వేయించి ఇంటికి తెచ్చుకోండి.