కాన్స్ట్ పెట్టినా అర్రే మారుతోందేంటి?

జావాస్క్రిప్ట్‌లో కాన్స్ట్ (const) తో పెట్టిన అర్రేలోకి, అంటే విలువల జాబితాలోకి, పుష్‌తో ఇంకోటి చేరిస్తే ఎర్రర్ రాలేదు, మరి కాన్స్ట్ పెట్టి ఏం లాభం, వేరియబుల్ పెట్టడానికి లెట్ (let) చాలదా అని కదా మీ ప్రశ్న. నేనూ మొదట్లో ఇక్కడే తికమకపడ్డాను.

మాది గుంటూరు కాబట్టి మిర్చి లెక్కలోనే చెప్తా. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, లాట్ నంబరు చీటీ కట్టారనుకోండి. ఆ చీటీ విప్పి ఇంకో టిక్కీకి కట్టనివ్వదు, కాన్స్ట్ చేసేది అంతే. టిక్కీలో కాయలు తీశారా, పోశారా అన్నది దానికి పట్టదు. అందుకే పుష్ పనిచేస్తుంది, అదే పేరుకి కొత్త అర్రే ఇస్తే మాత్రం టైప్ ఎర్రర్ కొడుతుంది. లోపలి సరుకు కూడా కదలకూడదంటే ఆబ్జెక్ట్.ఫ్రీజ్ ఉంది, కాకపోతే అది పైపొరకే, లోపల ఇంకో ఆబ్జెక్ట్ ఉంటే దాన్ని వదిలేస్తుంది.

లెట్ విలువ నాకు తెలిసొచ్చింది మాత్రం వార్ (var) వల్లే, వేరియబుల్ పెట్టే పాత పద్ధతి అది. మిర్చి యార్డులో ఒక కమిషన్ వ్యాపారికి రేట్ల పేజీ చేసిచ్చాను, తేజ, బాడిగ, 334 అంటూ మిర్చి రకాలకి ఆరు బటన్లు, ఫర్ లూప్‌లో వార్ ఐ పెట్టి ఒక్కోదానికి క్లిక్ తగిలించాను. ఆయన ఎదుటే నేను తేజ నొక్కితే రేటు బదులు అన్‌డిఫైన్డ్ (విలువ లేదని) వచ్చింది, బాడిగ నొక్కినా అన్‌డిఫైన్డే. "ఇదేం రకం బాబూ, మా యార్డులో లేదే" అన్నాడాయన! సంగతేంటంటే వార్‌కి బ్లాక్ (కర్లీ బ్రాకెట్ల మధ్య భాగం) లెక్క లేదు, ఫంక్షన్ మొత్తానికి ఒకటే ఐ. నేను నొక్కేసరికి లూప్ అయిపోయి ఐ ఆరు దగ్గర కూర్చుంది, అర్రేలో ఉన్నవేమో సున్నా నుంచి ఐదు దాకా. వార్ తీసి లెట్ రాశాను, అంతే, ప్రతి చుట్టుకీ కొత్త ఐ వచ్చింది కాబట్టి ఏ బటన్‌కి దాని రేటే.

లెట్, కాన్స్ట్ రెండూ 2015లో ఈఎస్6 అనే జావాస్క్రిప్ట్ వెర్షన్‌తో వచ్చాయి, కాబట్టి ఇప్పుడు బ్రౌజర్ల గురించి టెన్షన్ అక్కర్లేదు. నేనైతే అన్నిటికీ ముందు కాన్స్టే రాస్తా, కౌంటర్, మొత్తం లాంటివి మారక తప్పదంటే లెట్. కాన్స్ట్‌కి రాసినప్పుడే విలువ ఇవ్వాలి, తర్వాత ఇస్తానంటే సింటాక్స్ ఎర్రర్.

ఒక్కటి, పాత ఫైల్లో వార్‌లన్నీ ఒకేసారి ఫైండ్ రీప్లేస్‌తో లెట్ చేసేయకండి. నేను చేశా. ఇఫ్ లోపల డిక్లేర్ చేసి బయట వాడుకున్నవన్నీ రిఫరెన్స్ ఎర్రర్లై, రాత్రి పదకొండింటిదాకా ఒక్కోటీ బ్లాక్ బయటికి లాక్కుంటూ కూర్చున్నా.