డాక్టర్ సలహా: మూడుసార్లు తొడ పట్టేసింది, ఫైనల్స్‌లో ఆడించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది గుంటూరు జిల్లా. పన్నెండేళ్లుగా మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇక్కడి ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) అంటే ప్రాణం. క్లబ్ అండర్-18 జట్టులో మిడ్‌ఫీల్డర్. వాడు ఆడిన రోజున జట్టు గెలుస్తుందని అందరూ అంటారు. కానీ ఈ సీజన్‌లో మూడుసార్లు కుడి తొడ వెనక నరం పట్టేసింది. ప్రతిసారీ రెండు వారాలు రెస్ట్ తీసుకుని, నొప్పి పోయాక మ్యాచ్ ఆడాడు. మళ్లీ అదే చోట పట్టేసింది. మూడోసారి జరిగి పది రోజులైంది. ఫైనల్స్‌కు ఇంకా 5 వారాలుంది. అప్పటిదాకా కూర్చోబెట్టి నేరుగా ఫైనల్స్‌లో దింపుదామని కోచ్ అంటున్నారు. మా ఆవిడ ఆటే మాన్పించేద్దాం అంటోంది. ఈ ఏడాది వీసీఈ (ఇక్కడి ప్లస్ టూ లాంటిది) పరీక్షలు కూడా ఉన్నాయి. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: నమస్కారం. ముందుగా మీ ఇద్దరి టెన్షన్ కాస్త తగ్గించే మాట చెబుతాను. తొడ వెనక కండరం దెబ్బతిన్నంత మాత్రాన ఈ వయసులో ఆట మానేయాల్సిన పని సాధారణంగా ఉండదు. అయితే కోచ్ చెప్పిన దారి కూడా నాకు నచ్చలేదు. ఎందుకో వివరంగా రాస్తాను.

మనవాళ్లు నరం పట్టేసింది అంటారు గానీ, దెబ్బతినేది నరం కాదు, హ్యామ్‌స్ట్రింగ్ అనే కండరాల గుంపు. కూర్చున్నప్పుడు ఆనుకునే ఎముక దగ్గర మొదలై మోకాలి కింద దాకా వస్తుంది. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు కాలిని ముందుకు విసిరి, పాదం నేలను తాకబోయే ముందు ఆ కండరం సాగుతూనే కాలికి బ్రేక్ వేయాలి. చాలాసార్లు చిరిగేది ఆ క్షణంలోనే. ఫుటీలో దీనికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది. పరుగు ఆపకుండా నడుం వంచి నేల మీది బంతిని అందుకోవాలి. అప్పుడు కండరం పై నుంచీ కింద నుంచీ ఒకేసారి లాగబడుతుంది. ఆపైన తన్నడం ఎలాగూ ఉంది.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. క్రికెట్ ఆడే ఓవల్ మైదానంలోనే జట్టుకు 18 మంది చొప్పున ఆడతారు. ఈ ఆటలో దేశంలోకెల్లా పెద్ద లీగ్ అయిన ఏఎఫ్ఎల్‌లో ఒక్కో క్వార్టర్ 20 నిమిషాలు, ఆట ఆగిన సమయం కలిపితే దాదాపు అరగంట. అలాంటివి నాలుగు. ఒక మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో 12 నుంచి 15 కిలోమీటర్లు పరుగెత్తడం మామూలే. ఏఎఫ్ఎల్ 1992 నుంచి ఏటా గాయాల లెక్క తీస్తోంది. అందులో ఎక్కువ మందిని మ్యాచ్‌లకు దూరం చేసే గాయం ఏళ్ల తరబడి హ్యామ్‌స్ట్రింగే. కాబట్టి మీ అబ్బాయి శరీరంలో ఏదో లోపముందని బెంగ పెట్టుకోకండి. ఆ ఆట అడిగే పని అలాంటిది.

ఇప్పుడు మీరు రాసిన ఆ రెండు వారాల సంగతికి వద్దాం. నా దృష్టిలో అసలు సమస్య అక్కడే ఉంది. చిరిగిన కండరంలో నొప్పి ముందు పోతుంది, సాగుతూ బరువు మోసే శక్తి చాలా ఆలస్యంగా వస్తుంది. నడిస్తే నొప్పి లేదు, మెట్లెక్కితే నొప్పి లేదు, మెల్లగా పరుగెత్తినా లేదు. సరే తగ్గిపోయిందని శనివారం మ్యాచ్‌లో దిగుతాడు. ఆ రెండు వారాల్లో ఒక్కసారి కూడా పూర్తి వేగం చూడని కండరాన్ని మూడో క్వార్టర్‌లో, బాగా అలసిపోయి ఉన్నప్పుడు, ఒక్కసారిగా ఉరికించినట్టు అవుతుంది. తిరగబెట్టే కేసులు ఎక్కువగా మళ్లీ ఆడటం మొదలుపెట్టిన తొలి కొన్ని వారాల్లోనే కనిపించడానికి కారణం ఇదే.

కోచ్ గారి ఆలోచన కూడా అదే తప్పుని పెద్దది చేస్తుంది. 5 వారాలు కూర్చోబెట్టి నేరుగా ఫైనల్స్‌లో దింపితే, ఆ కండరం మళ్లీ మొదటిసారి పూర్తి వేగం చూసేది ఆ ఫైనల్లోనే. ఆయన ఉద్దేశం మంచిదే, పిల్లవాణ్ణి కాపాడాలనే చూస్తున్నారు. కానీ రెస్ట్‌తో ఈ కండరం బలపడదు.

అయితే ఏదైనా మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. మీ అబ్బాయికి 17 ఏళ్లేనన్నది మర్చిపోకండి. ఈ వయసులో కూర్చునే ఎముక దగ్గరి ఎదుగుదల భాగం ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండకపోవచ్చు. కండరానికి బదులు ఆ ఎముక ముక్కే కాస్త ఊడి వచ్చే అవకాశం ఉంది. పైకి అచ్చం తొడ పట్టేసినట్టే ఉంటుంది, దాని వైద్యం మాత్రం వేరు. నొప్పి పిరుదు కింద, గట్టి కుర్చీలో కూర్చున్నప్పుడు ఎక్కువవుతుంటే ముందు ఎక్స్-రే తీయించండి. మూడుసార్లు అదే చోట తిరగబెట్టింది కాబట్టి ఎంఆర్ఐ కూడా అవసరమని నా అభిప్రాయం. కండరం లోపలి స్నాయువు, అంటే టెండన్, చిరిగి ఉంటే మామూలుగా చెప్పే మూడు నాలుగు వారాల లెక్క పనికిరాదు. అప్పుడు ఈ ఏడాది ఫైనల్స్ వదులుకోవాల్సి రావచ్చు. నేను కింద రాసేదంతా స్కాన్‌లో అలాంటిది ఏమీ లేకపోతేనే.

ఈ వారం, వచ్చే వారం మ్యాచ్ వద్దు. కానీ సోఫాలో కూడా కూర్చోబెట్టకండి. ఫిజియో దగ్గర నొప్పి లేనంతవరకు బలం పెంచే వ్యాయామాలు మొదలుపెట్టాలి. వాటిలో నార్డిక్ అనేది ముఖ్యం. మోకాళ్ల మీద నిలబడితే వెనక ఒకరు మడమలు పట్టుకుంటారు, నడుం వంచకుండా వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి. చూడటానికి తేలిగ్గా ఉంటుంది గానీ మొదటిసారి చేసినవాళ్లకు మర్నాడు తొడలు బాగా నొప్పెడతాయి. అందుకే వారానికి రెండుసార్లు, తక్కువ సంఖ్యతో మొదలుపెట్టాలి. మ్యాచ్ ముందురోజు చేయించకూడదు. దీన్ని మూడు వారాలు చేసి నొప్పి లేదు కదా అని ఆపేసే పిల్లలే నా దగ్గరికి ఎక్కువగా తిరిగి వస్తుంటారు. సీజన్ అయిపోయాక కూడా సాగించాల్సిన వ్యాయామం ఇది.

దాంతో పాటే పరుగు. మొదట జాగింగ్, తర్వాత సగం వేగం, ఆపైన ముప్పావు వేగం. ఒక మెట్టు మీద నొప్పి లేకుండా ఉంటేనే తర్వాతి మెట్టు. రెండో వారం చివరికి, ఫిజియో సరేనంటే, దాదాపు పూర్తి వేగంతో నాలుగైదు పరుగులు, మధ్యలో బాగా విరామం ఇస్తూ. అవి వారంలో రెండు రోజులు. ఆ వేగంలోనే నేల మీది బంతిని వంగి తీసుకోవడం కూడా ప్రాక్టీస్‌లో చేయించాలి. మ్యాచ్‌లో వంగొద్దు అని చెప్పినా వినడు, బంతి కనిపిస్తే వంగుతాడు. ముందే అలవాటు చేయడం మేలు.

మూడో వారం అన్నీ కుదిరితే మ్యాచ్. కానీ మిడ్‌ఫీల్డ్‌లో వద్దు.

ఇక్కడ మీకు తప్పకుండా తెలిసిన పేరు చెబుతాను, ఏఎఫ్ఎల్‌లో జీలాంగ్ క్లబ్ ఆటగాడు పాట్రిక్ డేంజర్‌ఫీల్డ్. 2016లో బ్రౌన్‌లో మెడల్, అంటే సీజన్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి, గెలిచిన మిడ్‌ఫీల్డర్. శరీరాన్ని ఏమాత్రం దాచుకోకుండా బంతి మీద పడే ఆట ఆయనది. 2022లో పిక్క కండరం ఇబ్బంది పెట్టినప్పుడు జీలాంగ్ తొందరపడలేదు. సీజన్ మధ్యలో కొన్ని వారాలు పక్కన పెట్టి, ఆ సమయంలో ఫిట్‌నెస్ మళ్లీ కట్టించింది. ఆ సెప్టెంబర్‌లో ఫైనల్స్ బాగా ఆడాడు, గ్రాండ్ ఫైనల్లో జీలాంగ్ సిడ్నీని 81 పాయింట్లతో ఓడించింది. ఆ తర్వాత రెండేళ్లు హ్యామ్‌స్ట్రింగ్ ఆయన్ని వెంటాడింది. 2025లో ఆయన్ని ఎక్కువగా ఫార్వర్డ్‌లో, అంటే ప్రత్యర్థి గోల్ వైపు, ఆడించారు. 35 ఏళ్ల వయసులో, ఆ సెప్టెంబర్‌లో హాథోర్న్‌తో జరిగిన ప్రిలిమినరీ ఫైనల్లో (సెమీఫైనల్ లాంటిది) 31 సార్లు బంతి అందించి 3 గోల్స్ కొట్టాడు. వారం తర్వాత గ్రాండ్ ఫైనల్లో జీలాంగ్ బ్రిస్బేన్ చేతిలో ఓడిపోయింది, అది వేరే సంగతి. నాకు ముఖ్యంగా అనిపించేది ఏమిటంటే, సెప్టెంబర్‌లో ఆయన కాళ్లు పనిచేసే స్థితిలో ఉన్నాయి.

మీ అబ్బాయికీ అదే దారి సూచిస్తాను. మూడో వారం ఫుల్ ఫార్వర్డ్‌గా సగం ఆట, నాలుగో వారం అక్కడే మూడు క్వార్టర్లు. ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి, ఫార్వర్డ్ అంటే తేలికైన చోటేమీ కాదు. బంతి కోసం డిఫెండర్‌ను విదిలించుకుని ఉరికేటప్పుడు వేగం పూర్తిగానే ఉంటుంది. కానీ మొత్తం పరిగెత్తే దూరం తగ్గుతుంది, ఒక ఉరుకుకీ ఇంకో ఉరుకుకీ మధ్య ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. అలసిన కండరం మీద పూర్తి వేగం పడే సందర్భాలు తగ్గుతాయి, మనకు కావాల్సింది అదే. మీ లీగ్‌లో ఆట మధ్యలో ఆటగాళ్లను మార్చడానికి పరిమితి లేకపోతే క్వార్టర్‌లో రెండుసార్లు బయటికి పిలవమనండి. ఏఎఫ్ఎల్‌లో ఒక మ్యాచ్‌కు 75 మార్పులే కాబట్టి అక్కడి కోచ్‌లకు ఆ వెసులుబాటు తక్కువ.

బయట ఉన్నప్పుడు మాత్రం బెంచ్ మీద కూర్చోనివ్వకండి. జూలై, ఆగస్టు నెలల్లో మెల్‌బోర్న్ చలి, గాలి మీకు చెప్పక్కర్లేదు. ఏఎఫ్ఎల్ మ్యాచ్‌ల్లో బౌండరీ పక్కన ఆటగాళ్లు సైకిల్ తొక్కుతూ కనిపిస్తారు కదా, అది కాళ్లు చల్లబడకుండా ఉండటానికే. మీవాడు అటూ ఇటూ జాగింగ్ చేసినా చాలు. ఇదే కారణంతో, చివరి క్వార్టర్‌లో మాత్రమే దింపుదామని కోచ్ అంటే ఒప్పుకోకండి. రెండు బ్రౌన్‌లోలు గెలిచిన నాట్ ఫైఫ్‌ని ఫ్రీమాంటిల్ 2025లో సబ్‌స్టిట్యూట్‌గా దింపింది. అంత అనుభవమున్న ఆటగాడికి, చుట్టూ ఫిజియోలు, ట్రైనర్లు ఉన్న క్లబ్‌లో అది కుదరవచ్చు. 17 ఏళ్ల అబ్బాయిని గంటన్నర చలిలో నిలబెట్టి, వెనకబడిన స్కోరు చూపించి, వెళ్లి గెలిపించమంటే వాడు మొదటి బంతికే పూర్తి వేగంతో ఉరుకుతాడు. నా లెక్కలో మొదటి రెండు క్వార్టర్లు ఆడించి తీసేయడం అంతకంటే చాలా మేలు.

జట్టులో మిగతా పిల్లలతో పోల్చి, వాళ్లంతా ఆడుతున్నారు కదా అని ఎవరైనా అంటే బాధపడకండి. 2025లో ఇంగ్లండ్‌లో జరిగిన 5 టెస్టుల సిరీస్ మీరు చూసే ఉంటారు. బుమ్రా 3 టెస్టులే ఆడాడు. మన హైదరాబాద్ సిరాజ్ అయిదూ ఆడి 23 వికెట్లు తీశాడు. ఇద్దరూ ఫాస్ట్ బౌలర్లే, కానీ ఒకరి వెన్నుకి పెట్టిన కొలత ఇంకొకరికి పెట్టలేం.

మీరు రాయలేదు గానీ అడగాల్సిన విషయం ఒకటుంది. క్లబ్ ప్రాక్టీస్, వారాంతపు మ్యాచ్ కాకుండా స్కూల్ జట్టుకు కూడా ఆడుతున్నాడా? స్నేహితులతో సాకర్? ఒక వారంలో మొత్తం ఎంత పరుగెత్తుతున్నాడో ఎవరూ కూడి చూడరు. క్లబ్ కోచ్‌కు తన వంతే తెలుసు, స్కూల్ టీచర్‌కు తన వంతే. ఒక నోట్‌బుక్‌లో మీరే రాయండి. ఏ వారమూ అంతకుముందు వారం కంటే ఒక్కసారిగా పెరగకూడదు. ఈ 5 వారాలు క్లబ్ ఒక్కటే చాలు.

వీసీఈ అన్నారు కాబట్టి నిద్ర గురించి కూడా. రాత్రి ఒంటిగంట దాకా చదివి, పొద్దున్నే లేచి ప్రాక్టీస్‌కి వెళ్లే పిల్లల శరీరం కోలుకోదు. కనీసం 8 గంటలు పడుకోవాలి. ఈ విషయంలో మీ ఆవిడ గారి మాటే ఇంట్లో చెల్లాలి. ఇంట్లో శాకాహారమైతే పప్పు, పెరుగు, పనీర్ పూటపూటా ఉండేలా చూడండి. గుడ్డు తింటే ఇంకా మంచిది. మెల్‌బోర్న్ చలికాలంలో మనలాంటి చామనఛాయ వాళ్లకు విటమిన్ డి తగ్గడం చాలా సాధారణం, మీ జీపీని (ఫ్యామిలీ డాక్టర్‌ని) అడిగి రక్తపరీక్ష చేయించండి. దానివల్ల తొడ పట్టేయడం ఆగిపోతుందని నేను చెప్పను, ఎముకల కోసం చూసుకోవాలి.

ఇంజెక్షన్ల గురించి ఎవరైనా చెబుతారు, సొంత రక్తంతో చేసే పీఆర్‌పీ అనీ, స్టెరాయిడ్ అనీ. ఈ వయసులో, ఈ గాయానికి నేను రెండూ రాయను. నొప్పి మాత్ర వేసుకుని మ్యాచ్ ఆడటం అంతకంటే ప్రమాదం, ఎందుకంటే ఆగమని చెప్పే ఒక్క సూచననూ అది మూసేస్తుంది. పరిగెత్తుతుండగా టప్‌మని శబ్దం వచ్చినట్టు అనిపించినా, తొడ వెనక నల్లగా కమిలినా, అడుగు వేయలేకపోయినా, కాలు తిమ్మిరెక్కినా అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

డేంజర్‌ఫీల్డ్ వయసు, అనుభవం మీవాడికి లేవు కాబట్టి ఇంకో ఆటగాణ్ణి కూడా గుర్తు చేస్తాను. జో డానిహర్ గజ్జ గాయాలతో 2018, 2019, 2020 సీజన్లలో ఏఎఫ్ఎల్ క్లబ్ ఎసెండన్ తరఫున మొత్తం కలిపి 15 మ్యాచ్‌లే ఆడగలిగాడు. అప్పటికి ఇంకా పాతికేళ్లు దాటిన కుర్రాడే, ఇక అయిపోయిందన్నవాళ్లు చాలామంది. తర్వాత బ్రిస్బేన్‌కు వెళ్లి, ఏళ్ల తరబడి ఆడి, 2024లో ప్రీమియర్‌షిప్ గెలిచి రిటైరయ్యాడు. ఈ ఆగస్టులో ఒక మ్యాచ్ పోతే మీ అబ్బాయికి పోయేదేమీ లేదని ఇంట్లో వాడికి అర్థమయ్యేలా మీరే చెప్పాలి. తను ఆడకపోతే జట్టును ముంచినట్టే అన్న భావన ఆ వయసులో చాలా బరువుగా ఉంటుంది. నొప్పి దాచిపెట్టే పిల్లలు దాచేది అందుకే.

ఫైనల్ రోజు వార్మప్‌లో ఫిజియో లేదా ట్రైనర్ చూస్తుండగా పూర్తి వేగంతో మూడు పరుగులు తీయించండి. ఏ ఒక్కదాంట్లో తొడ బిగుసుకున్నట్టు అనిపించినా ఆ రోజు ఆడకూడదు. ఈ షరతును ఆ ఉదయం మైదానంలో చెప్పకండి. ఈ వారమే కోచ్ గారినీ మీ అబ్బాయినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పి, ఇద్దరి చేతా సరేననిపించండి.