వలస అంటే పోవడమా, రావడమా?

సందేహం: వలస కూలీల గురించి పాఠం చెబుతుండగా ఆరో తరగతి పిల్లవాడొకడు లేచి, "ఆమదాలవలస నుంచి అందరూ వెళ్లిపోయారా టీచర్?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. కొత్తవలస మా తాతగారి ఊరు. అక్కడి నుంచి జనం తరలిపోయినట్టు నేనెప్పుడూ వినలేదు. ఊరి పేరులోని వలస, పొట్టకూటికి వెళ్లే వలస ఒకటేనా? 'వలసపాలన'లో ఉన్నది ఏ వలస? 'వలసలు వెళ్లారు' అని బహువచనంలో రాయవచ్చా?
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, నెల్లిమర్ల

సమాధానం: అమ్మా, ఆ పిల్లవాడికి నా ఆశీస్సులు చెప్పండి. అనుమానం రావలసిన చోటే వచ్చింది వాడికి. పెద్దవాళ్లం ఆ ఊళ్లో రైలు దిగుతూ ఎక్కుతూ, ఆ పేరు గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు.

వలస అనే మాటకు దిక్కు లేదు. దిక్కు చూపేది పక్కన చేరే క్రియ. వలసపోయారు అంటే పోవడం, వలసవచ్చారు అంటే రావడం. ఒకే జనం ఒక ఊరివాళ్లకు పోయినవాళ్లు, మరో ఊరివాళ్లకు వచ్చినవాళ్లు. ఊరి పేర్లలో ఉన్నది రెండో వలస. ఆమదాలవలస జనం వదిలిపోయిన చోటు కాదు, వచ్చి పొయ్యి రాజేసుకున్న చోటు. మీ పిల్లవాడికి ఈ ఒక్క ముక్క చెబితే చాలు. మీకు మాత్రం ఇంకా చెప్పాలి.

పాత నిఘంటువులు తిరగేయండి. బ్రౌను దొర ఈ మాటకు శత్రుసేనకు భయపడి ఊరు విడిచిపోవడం అనే అర్థం ఇచ్చాడు. అందులో కూలి లేదు, కాంట్రాక్టరు లేడు, భయం ఉంది. మన సోదర భాషల్లోనూ ఈ మాట ఉంది. తమిళంలో వలసై, కన్నడంలో వలసె. తమిళ నిఘంటువు కూడా దండు భయంతో ఊరు విడవడమనే చెబుతుంది. ఒకే మాట మూడు భాషల్లోనూ ఇలా నిలిచిందంటే, దక్షిణ దేశపు పల్లెలన్నీ ఒకే రకం దెబ్బ తిన్నాయని నేను అర్థం చేసుకుంటాను. ఊరి పేర్లలోకి ఎక్కడం కూడా మన సొంతమే కాదు. రామనాథపురం జిల్లాలో పుదువలసై అని ఒక ఊరుంది. పుదు అంటే కొత్త. అక్షరాలా మీ తాతగారి ఊరి పేరే! ఈరోడ్ దగ్గర పెరియవలసు ఉంది. తెలుగులో చెబితే పెద్దవలస. మీ కొత్తవలసకు కడలి వెంట అంత దూరాన ఒక తోబుట్టువు ఉందని తెలిసిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

'కొత్త' అనే విశేషణాన్ని కూడా ఊరికే దాటిపోవద్దు. కొత్తవలస ఉందంటే దానికి ముందు ఎక్కడో ఒక పాతవలస ఉండి ఉండాలి. ఒకసారి కదిలినవాళ్లే మళ్లీ కదిలారేమో, లేదా మొదట వచ్చినవాళ్ల పక్కన తర్వాతివాళ్లు దిగారేమో. ఈ రోజు ఆ పేరు వినగానే ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా పోయే ఇనుప ఖనిజపు రైలు మార్గం గుర్తొస్తుంది. నాకు మాత్రం నెత్తిన మూటతో, చంకన బిడ్డతో నడిచివచ్చిన మనుషులు గుర్తొస్తారు.

ఆ భయం మన నేలకు ఎంత దగ్గరిదో చూడండి. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను, అంటే మన కోస్తా ప్రాంతాన్ని, ఫ్రెంచివారికి రాసిచ్చాడు. చికాకోలు (నేటి శ్రీకాకుళం) ఫౌజుదారు, అంటే నిజాము తరఫు అధికారి, జాఫర్ అలీఖాన్ అందుకు ఒప్పుకోక మరాఠా గుర్రపు దండును పిలిపించాడు. దండు వచ్చింది, దోచింది, పోయింది. ఊపిరి తీసుకునేలోగా 1757 జనవరి 24న బొబ్బిలి కోట మంటల్లో కలిసింది. 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చినవిజయరామరాజు నేలకొరిగాడు. ఇవి రాజుల తేదీలు. ఆ రోజుల్లో గింజల కుండ పాతిపెట్టి రాత్రికి రాత్రి కదిలిన పల్లెకు తేదీ లేదు, పేరు మాత్రమే మిగిలింది.

ఆ శతాబ్దపు కవి గోగులపాటి కూర్మనాథుడు నాకు ప్రాణం. పేరులోనే శ్రీకూర్మం ఉంది. దండు గుళ్లనూ ఊళ్లనూ కొల్లగొడుతుంటే ఆయన సింహాచలం స్వామిని పట్టుకుని నిలదీశాడు. 'వైరిహరరంహ సింహాద్రి నారసింహ' అన్న మకుటాన్ని ఒకసారి బిగ్గరగా చదవండి. వైరులను హరించే వేగం కలవాడా అని పిలుపు. శత్రువు గుమ్మంలో ఉండగా ఆ పిలుపు పొగడ్త కాదు, ఎత్తిపొడుపు. ఆ వేగం ఏమైందయ్యా అని పద్యం పద్యానికీ అడగడమే. భక్తుడు దేవుణ్ణి ఇంత చనువుగా, ఇంత కోపంగా మందలించిన శతకాలు తెలుగులో అరుదు. ఆ మొర విని స్వామి కొండ మీది నుంచి తుమ్మెదలను పంపాడనీ, అవి సైన్యాన్ని సముద్రం వైపు తరిమాయనీ జనం కథ చెప్పుకున్నారు. విశాఖపట్నంలోని తుమ్మెదల మెట్టకు ఆ పేరు అలా వచ్చిందంటారు. చరిత్రకారుడు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అంతకాలం పరిగెత్తిన జనం ఒక్కసారైనా శత్రువు పరిగెత్తడం చూడాలనుకున్నారు. ఆ కోరికకు సాక్ష్యంగా ఆ కథను నేను ఒప్పుకుంటాను.

వలసల ముందున్న మాటలూ చూడండి. రావి, ఆమదాలు: చెట్టూ చేనూ. రావివలస అంటే రావి చెట్టు కింద దిగిన జనమని నా ఊహ. టెక్కలి దగ్గరి ఆ ఊళ్లో ఎండల మల్లికార్జునుడు ఉన్నాడు. భారీ లింగం, పైన కప్పు లేదు, స్వామి ఎండలోనే ఉంటాడు. వానర వైద్యుడు సుషేణుడు అక్కడ తపస్సు చేసి తనువు చాలిస్తే హనుమంతుడు ఆ దేహాన్ని మల్లెపూలతో, జింక చర్మంతో కప్పాడనీ, తీసి చూస్తే లింగం కనిపించిందనీ స్థలపురాణం. మల్లిక, అజినం కలిసి 'మల్లికాజినుడు' అయి, అదే మల్లికార్జునుడయిందని అక్కడి వ్యుత్పత్తి. వ్యాకరణం తల అడ్డంగా ఊపినా నాకు ఈ వ్యుత్పత్తి మీద ప్రేమ. ఇక ఆమదాలవలసను దిద్ది 'ఆముదాలవలస' అని రాసే పండితులున్నారు. జనం ఆమదాలంటే ఊరూ ఆమదాలవలసే. దానికి మన దిద్దుబాటు అక్కర్లేదు.

ఇప్పుడు నాకు బాధ కలిగించే ప్రశ్నకు వస్తాను. వలసపాలన! పరాయి రాజ్యాన్ని ఆక్రమించుకుని ఏలడానికి మనవాళ్లు ఈ మాట పెట్టారు. ఎవరి భయంతో ఇల్లు విడిచాడమ్మా కంపెనీ దొర? 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో, 1766లో నిజాముతో ఒప్పందంతో సర్కారులను చేజిక్కించుకున్నవాడికీ, దండు వస్తోందని బిడ్డను చంకనెత్తుకున్న తల్లికీ ఒకే మాటా? తరిమేవాడికి తరమబడ్డవాళ్ల మాట తొడిగాం. కన్నడిగులు జాగ్రత్తపడ్డారు. వలసెను వలసెగానే ఉంచి, ఆక్రమిత రాజ్యానికి వసాహతు అన్నారు. తమిళులు కుడియేట్రం అన్నారు. మనమే ఆ తేడా చెరిపేసుకున్నాం. పాఠ్యపుస్తకాల్లో, విశ్వవిద్యాలయాల్లో స్థిరపడిపోయిన మాటను ఇక కదిలించలేమేమో. పరీక్షలో వలసపాలన అని రాసిన పిల్లవాడికి మార్కులు తగ్గించమని నేను చెప్పను. నా రాతలో మాత్రం 'పరాయి పాలన' అనే రాసుకుంటాను. ఎన్నికల ముందు పార్టీ మారే నాయకుల గురించి 'వలసల జోరు' అని శీర్షికలు పెట్టే పత్రికలను మాత్రం క్షమించలేను. దానికి 'ఫిరాయింపు' అనే చక్కటి మాట ఉంది.

పొట్టకూటి ప్రయాణానికి వలస అనడం తప్పు కాదు. మన జిల్లాల వాళ్లు ఒకప్పుడు రంగూను వెళ్తే 'రంగం పోయాడు' అన్నారు. ఇప్పుడు మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వెళ్తున్నారు. శత్రుసేన లేకపోయినా ఆకలి ఉంది, ఆకలి కూడా భయమే. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటా వచ్చే కొంగలకు వలస పక్షులన్న పేరు బాగా అతికింది, అవి వచ్చే ఊరివాళ్లకు అది శుభం. 'కావలసిన'లోని వలసకు దీనితో చుట్టరికం లేదు.

చివరగా బహువచనం. 'వలసలు పెరిగాయి', 'వలసలు ఆగలేదు' అనవచ్చు, అక్కడ వలస కర్త. 'వలసలు వెళ్లారు' అనకూడదు. ఎంతమంది పడుకున్నా 'నిద్రలు పోయారు' అనం కదా! ఊరంతా కదిలినా వలసపోయారు, అంతే.