అమ్మను చూసుకునే మనిషిని ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: మాది కావలి. అమ్మకు 71 ఏళ్లు. పక్షవాతంతో కుడి కాలు, చెయ్యి పడిపోయాయి. అన్నం నోటితోనే తింటోంది. నాన్నగారు ఒక్కరే చూసుకుంటూ నడుం నొప్పితో అవస్థ పడుతున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఒంగోలులో ఒక ఏజెన్సీ ఆయాను పంపుతామంటోంది. మా వీధిలో తెలిసినావిడ కూడా వస్తానంటోంది. నాన్నగారేమో బయటి మనిషి వద్దంటున్నారు.

జవాబు: అన్నానికో మూత్రానికో గొట్టాలు, ఒంటి మీద పడక పుండ్లు లేకపోతే నర్సు అక్కర్లేదు. అనుభవమున్న ఆయా చాలు. ఏజెన్సీ మనిషా, వీధి మనిషా అనేది తర్వాత. ముందు వాళ్ల పనితనం చూడాలి. మీరు సెలవు పెట్టి వచ్చి, ఇద్దరి చేతా చెరో పూట పని చేయించండి. ఆ పూట కూలి ఇవ్వండి.

మొదట అమ్మగారిని మంచం మీంచి కుర్చీలోకి మార్చమనండి. పని తెలిసిన మనిషి కుర్చీని ఎడమ పక్కన, అంటే బలమున్న వైపు వేస్తుంది. పాదాలు నేలకు ఆనాయో లేదో చూసి, నడుం దగ్గర పట్టుకుని లేపుతుంది. కుడిచెయ్యి పట్టి లాగబోతే అక్కడే ఆపేయండి. ఆ భుజానికి కండరాల పట్టు ఉండదు. లాగితే కీలు జారవచ్చు, ఆ నొప్పి ఓ పట్టాన వదలదు.

తర్వాత అన్నం పెట్టమనండి. నిటారుగా కూర్చోబెట్టి, ఒక ముద్ద మింగాకే ఇంకో ముద్ద పెట్టాలి. కుడి బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి, అవి చూసి తీయాలి. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. నీళ్లకు పొలమారుతున్నా, తాగాక గొంతు గరగరలాడుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి. అన్నం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు.

అమ్మగారు తనంతట తాను ఒత్తిగిలలేకపోతే రెండు గంటలకోసారి మనమే తిప్పాలి, రాత్రిళ్లు కూడా. గాలి పరుపు వేసినా ఇది తప్పదు. మన ఎండలకు వీపు చెమటతో నాని చర్మం తొందరగా చెడుతుంది. నడుం కింది ఎముక, మడమలు రోజూ చూడాలి. ఎర్రటి మచ్చను వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. దాన్ని రుద్దకూడదు, ఆ వైపు బరువు పడనివ్వకూడదు.

ఇదంతా ఒక్క మనిషి పగలూ రాత్రీ చేయలేదు. నిద్ర లేని మనిషి చేతిలోనే రోగి జారిపడేది. ఇద్దరి పనీ నచ్చితే వీధిలో ఆవిడను పగటికి, ఏజెన్సీ మనిషిని రాత్రికి పెట్టుకోండి.

ఏజెన్సీతో అన్నీ కాగితం మీద రాయించుకోండి: ఆమె సంక్రాంతికి ఊరెళితే ఎవరొస్తారు, మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారు, అడ్వాన్సు తిరిగిస్తారా. మీరిచ్చే డబ్బులో ఆమె చేతికి ఎంత వస్తుందో తప్పక అడగండి. చేతికి తక్కువొచ్చే మనిషి నిలవదు. అంతకుముందు చేసిన ఇళ్లవాళ్లతో మీరే ఫోన్లో మాట్లాడండి. ఆధార్ నకలు, ఫొటో పోలీస్ స్టేషన్లో ఇవ్వండి. బంగారం ఆమె రాకముందే లాకరులో పెట్టేయండి, రేపు అనవసరంగా ఆమె మీద అనుమానం రాకుండా ఉంటుంది.

నాన్నగారి బెంగ న్యాయమైనదే. ఇన్నాళ్లూ స్నానం, బట్టలు మార్చడం ఆయనే చేశారు కదా. మందులు, బీపీ పుస్తకం ఆయన చేతిలోనే ఉంచండి. అమ్మగారినీ అడగండి. కుడివైపు పక్షవాతంలో మాట దెబ్బతినడం మామూలే, కానీ మాట రాకపోయినా తల ఊపి చెప్పగలరేమో చూడండి. ఒక్కో పూట అయ్యాక, ఆయా గదిలో లేనప్పుడు, "ఈవిడ నచ్చిందా అమ్మా?" అని అడగండి. అమ్మగారు వద్దంటే, పని ఎంత బాగా వచ్చినా ఆ మనిషిని పెట్టుకోకండి.